పాల్ బెన్‌ఫీల్డ్: నవాబు అప్పులతో కొన్న ఎంపీ సీటు

ఈ ఎపిసోడ్‌లో పాల్ బెన్‌ఫీల్డ్ గురించి చెప్తాను. పేరు వినకపోయినా పర్లేదు, ప్రధాని కాదు, మంత్రీ కాదు, బ్రిటిష్ పార్లమెంటులో వెనక బెంచీ ఎంపీ. కానీ ఆ సీటుకి డబ్బు ఎక్కడిదో చూడాలి.

1764లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా మద్రాసులో దిగాడు. జీతం కొద్దిగా, అసలు సంపాదన కాంట్రాక్టులూ వడ్డీ వ్యాపారమూ. అప్పు తీసుకునేది ఎవరంటే ఆర్కాటు నవాబు మహమ్మద్ అలీ. కంపెనీ సైన్యం ఖర్చు కూడా నవాబు నెత్తినే ఉండేది, అందుకే ఆయనకి ఎప్పుడూ డబ్బు కరువే. అప్పుకి హామీగా ఏమిచ్చేవాడు? ఫలానా ప్రాంతం శిస్తు వసూలు చేసుకో అని రాసిచ్చేవాడు. అంటే అప్పు చేసేది నవాబు, కట్టేది రైతు. పంట ఇంకా కళ్ళంలో ఉండగానే మద్రాసులో ఎవరో దొర లెక్కలోకి వెళ్ళిపోయేదన్నమాట. మన నెల్లూరు, ఒంగోలు కూడా అప్పట్లో ఆ నవాబు ఏలుబడిలోవే.

1773లో కంపెనీ సాయంతో నవాబు తంజావూరు పట్టుకున్నాడు. 1776లో గవర్నర్ పిగట్ దాన్ని తిరిగి రాజుకి ఇచ్చేశాడు. వెంటనే బెన్‌ఫీల్డ్ లేచాడు: అక్కడి శిస్తు మీద, పంటల మీద నాకు 2,34,000 పౌండ్లు రావాలి! కౌన్సిల్ ముందు కాదంది, తర్వాత మెజారిటీ అతని వైపు తిరిగింది. గొడవ ముదిరి ఆగస్టు 24న ఏకంగా గవర్నర్‌నే అరెస్టు చేశారు. 1777 మేలో పిగట్ నిర్బంధంలోనే పోయాడు.

బెన్‌ఫీల్డ్‌ని ఇంగ్లండుకి పిలిపించారు. శిక్ష పడిందా? 1780లో క్రిక్‌లేడ్ ఎంపీ అయ్యాడు, ఆ మరుసటేడే మద్రాసు ఉద్యోగం కూడా తిరిగొచ్చింది.

1785 ఫిబ్రవరి 28న ఎడ్మండ్ బర్క్ పార్లమెంటులో ఇతన్ని ఉతికేశాడు. తనతో కలిపి ఎనిమిది మంది ఎంపీలని ఇతనే తయారుచేశాడని ఆరోపణ. ప్రభుత్వం ఆ అప్పుల్ని విచారణ లేకుండానే ఒప్పుకుంది. ఏటా 12 లక్షల పగోడాలు కర్ణాటక ప్రాంత ఆదాయం నుంచి కట్టాలి. నన్నడిగితే పిగట్ అరెస్టు కంటే ఇదే పెద్ద దారుణం.

తర్వాత ఇంగ్లండులో వుడ్‌హాల్ పార్క్ ఎస్టేటు, లండన్‌లో ఫైనాన్స్ సంస్థలో భాగస్వామ్యం. అది దివాలా తీసింది. 1810లో పారిస్‌లో పేదగా చనిపోయాడు.

1805 నుంచి ఒక కమిషన్ నవాబు మీద వచ్చిన కొత్త క్లెయిముల్ని పరిశీలించింది. అడిగింది 3 కోట్ల పౌండ్ల పైనే, నిలబడింది దాదాపు 27 లక్షలు. ముందే ఒప్పుకున్న పాత అప్పులకి అలాంటి లెక్క ఎవరూ చూడలేదు.