పెనాల్టీ పాయింట్లు, అనర్హత: మరో తరగతి వాహన లైసెన్సుకు దరఖాస్తు

1. ఉపోద్ఘాతం

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని నౌపడ ఉప్పు మళ్లకు, రైల్వే జంక్షనుకు పేరుపొందింది. ఇక్కడినుంచి హైదరాబాదు వెళ్లి, అక్కడే లైసెన్సు పొంది కారు నడిపిన యువకుడొకరు స్వగ్రామానికి తిరిగివచ్చి లారీ లైసెన్సు కోరాడనుకుందాం. అతని పేర చేరిన పెనాల్టీ పాయింట్లు ఈ దరఖాస్తుకు అడ్డమవుతాయా? పాయింట్లు, అనర్హత, ఎండార్స్‌మెంట్ అనే పదాల అర్థభేదం తెలిస్తేనే దీనికి సమాధానం దొరుకుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం ఆధారంగా ఆ భేదాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పాయింట్లు

తెలంగాణ ప్రభుత్వం 2017 ఆగస్టు 1 నుంచి హైదరాబాదులో పాయింట్ల పద్ధతిని అమలులోకి తెచ్చింది. 24 నెలల్లో 12 పాయింట్లు చేరితే లైసెన్సును ఏడాదిపాటు సస్పెండు చేయాలన్నది నియమం. లెర్నర్ లైసెన్సుదారుకు ఈ పరిమితి 5 పాయింట్లే. కొత్త తరగతికి కూడా లెర్నర్ దశ దాటవలసినదే కనుక ఈ తేడా గమనార్హం. అయితే పాయింటు ఒక లెక్క మాత్రమే. పరిమితి చేరి ఉత్తర్వు వెలువడితేనే అది హక్కును హరిస్తుంది.

3. అనర్హత

ఉన్న లైసెన్సుకు మరో తరగతిని చేర్చే విధానాన్ని సెక్షన్ 11 చెబుతుంది. కోరిన తరగతి విషయంలో దరఖాస్తుదారు ఆ సమయానికి అనర్హుడై ఉండరాదన్నది అందులోని షరతు. పాయింట్ల ప్రస్తావన అక్కడ లేదు. కాబట్టి 7 పాయింట్లున్నవాడు దరఖాస్తు చేసుకోవచ్చు. అనర్హత ఉత్తర్వు అమలులో ఉన్నవాడు, ఆ ఉత్తర్వు పరిధి మేరకు, చేసుకోలేడు. సెక్షన్ 19 కింద వెలువడే ఉత్తర్వు లైసెన్సులోని అన్ని తరగతులకూ వర్తించవచ్చు, కొన్నింటికే పరిమితం కావచ్చు. సెక్షన్ 23 ప్రకారం ఆ నిషేధం వ్యక్తికి వర్తిస్తుంది. ఊరు మారినంత మాత్రాన తొలగదు.

రవాణా వాహనానికి అదనపు అర్హతలున్నాయి: 20 ఏళ్ల వయస్సు నిండాలి, తేలికపాటి వాహన లైసెన్సు పొంది కనీసం ఏడాది కావాలి. 7,500 కిలోలలోపు రవాణా వాహనానికి తేలికపాటి వాహన లైసెన్సే చాలునని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పునిచ్చింది. ఆ బరువు మించిన లారీకి ప్రత్యేక అనుమతి తప్పదు.

4. ఎండార్స్‌మెంట్

న్యాయస్థానం అనర్హత విధించినప్పుడు ఆ వివరాలు లైసెన్సుపై నమోదవుతాయి. సెక్షన్ 25 ప్రకారం, దానినుంచి విముక్తి పొందే అర్హత వచ్చేదాకా ఆ నమోదు కొత్త లైసెన్సుకూ బదిలీ అవుతుంది. దానిని దాచి దరఖాస్తు చేస్తే సెక్షన్ 182 కింద 3 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అలా పొందిన లైసెన్సు చెల్లదు.

5. ముగింపు

పాయింటు హెచ్చరిక, అనర్హత నిషేధం, ఎండార్స్‌మెంట్ నమోదు. ఈ మూడింటినీ ఒకటిగా భావించినవారు, అర్హత ఉండి కూడా దరఖాస్తు మానుకోవచ్చు, లేదా నిజం దాచి నేరంలో చిక్కుకోవచ్చు. రెండు విధాలా నష్టపోయేది జీవనోపాధే. ఉత్తర్వు అందినప్పుడు అది ఏ తరగతికి, ఎంతకాలానికి వర్తిస్తుందో ముందుగా చదవాలి. సెక్షన్ 19 ఉత్తర్వుపై అప్పీలుకు 30 రోజుల గడువుంది. ఉత్తర్వుకు ముందే వాదన వినిపించుకునే అవకాశాన్ని కూడా చట్టం కల్పించింది.