ప్రయాణ విరామం (భారతీయ రైల్వేలు)

ప్రయాణ విరామం (బ్రేక్ జర్నీ) అనగా సుదూర ప్రయాణం చేస్తున్న వ్యక్తి గమ్యస్థానం చేరకముందే మార్గమధ్యంలోని ఒక స్టేషనులో దిగి, అక్కడ బస చేసి, మరల అదే టిక్కెట్టుపై మరొక రైలులో ముందుకు సాగుటకు భారతీయ రైల్వేలు కల్పించిన సౌకర్యం. ఇది 500 కి.మీ.కు మించిన దూరానికి కొన్న టిక్కెట్లకు మాత్రమే వర్తిస్తుంది. నియమాలు సరళమైనవే. అయితే వాటిని పాటించకుండా మధ్యలో దిగినచో మిగిలిన దూరానికి చెల్లించిన ఛార్జీని కోల్పోవలసి వస్తుంది.

ప్రయోజనం

రైలు ఛార్జీలు దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు తగ్గుతూ వచ్చే విధంగా నిర్ణయించబడ్డాయి. అందువలన ఒకే మార్గాన్ని రెండు ముక్కలు చేసి రెండు టిక్కెట్లు కొనుటకంటె మొత్తం దూరానికి ఒకే టిక్కెట్టు తీసుకొనుట సాధారణంగా చౌక. విరామ సౌకర్యం వలన ఈ లాభాన్ని వదులుకోకుండానే దారిలోని పుణ్యక్షేత్రాన్ని దర్శించవచ్చు, బంధువుల ఇంట ఆగవచ్చు. వృద్ధులు, పిల్లలు ఉన్న కుటుంబాలకు మధ్యలో విశ్రాంతి కూడా లభిస్తుంది.

ముఖ్య నియమాలు

* టిక్కెట్టు దూరం 500 కి.మీ. కంటె ఎక్కువ ఉండాలి.
* బయలుదేరిన స్టేషను నుండి 500 కి.మీ. ప్రయాణించిన తరువాతనే మొదటి విరామం తీసుకోవాలి.
* 1000 కి.మీ. వరకు గల టిక్కెట్టుపై ఒక విరామం, అంతకు మించిన టిక్కెట్టుపై రెండు విరామాలు అనుమతిస్తారు.
* ఒక్కొక్క విరామం గరిష్ఠంగా రెండు రోజులు. దిగిన రోజును, తిరిగి బయలుదేరిన రోజును ఈ లెక్కలో చేర్చరు. ఉదాహరణకు 10వ తేదీన దిగినవారు 11, 12 తేదీలు ఉండి, 13వ తేదీన బయలుదేరవచ్చు.
* తరువాతి రైలు అందుకొనుటకై ఒక స్టేషనులో 24 గంటలలోపు ఆగినచో దానిని విరామంగా లెక్కించరు.

మందమర్రి నుండి ఉదాహరణలు

మంచిర్యాల జిల్లాలోని (2016కు పూర్వం ఆదిలాబాదు జిల్లా) బొగ్గు గనుల పట్టణమైన మందమర్రి, కాజీపేట - బల్లార్షా రైలు మార్గంలో ఉంది. దక్షిణాన రవీంద్రఖని, మంచిర్యాల, ఉత్తరాన బెల్లంపల్లి స్టేషన్లు ఉన్నాయి. ఢిల్లీ - చెన్నై ప్రధాన మార్గంలో ఇది భాగం కనుక ఇక్కడి ప్రజలు అటు కాశీకి, ఇటు చెన్నైకి ఈ దారినే వెళతారు. దూరప్రయాణపు రైళ్ళ కొరకు ఎక్కువమంది మంచిర్యాలకో, బెల్లంపల్లికో వెళ్ళి ఎక్కుతారు.

మందమర్రి ప్రాంతం నుండి చెన్నైకి టిక్కెట్టు తీసుకొన్న కుటుంబం విజయవాడలో దిగి కనకదుర్గమ్మను దర్శించుకోవాలని అనుకొన్నదనుకొందాం. విజయవాడ ఇక్కడికి 350 కి.మీ. లోపే కనుక అక్కడ విరామం చెల్లదు. విజయవాడ వరకు ఒకటి, అక్కడి నుండి చెన్నైకి మరొకటి, రెండు టిక్కెట్లు కొనక తప్పదు. అదే టిక్కెట్టుపై నెల్లూరులో దిగవచ్చు, ఎందుకంటే అప్పటికి 500 కి.మీ. దాటుతుంది. మొత్తం దూరం 1000 కి.మీ. లోపు కనుక ఆ ఒక్క విరామమే లభిస్తుంది.

ఉత్తర దిశలో నాగపూర్ కూడా 350 కి.మీ. లోపే ఉన్నందున అక్కడ దిగరాదు. ఇటార్సీ చేరేసరికి 500 కి.మీ. పూర్తవుతుంది. వారణాసి టిక్కెట్టు దూరం 1000 కి.మీ.కు మించినది. కనుక జబల్‌పూర్‌లో ఒకసారి, త్రివేణీ సంగమ స్నానానికి ప్రయాగరాజ్‌లో మరొకసారి ఆగి కాశీ చేరవచ్చు.

రిజర్వేషను

టిక్కెట్టు, రిజర్వేషను రెండూ ఒకటి కావు. టిక్కెట్టు దూరానికి, రిజర్వేషను ఒక నిర్దిష్టమైన రైలులోని బెర్తుకు సంబంధించినవి. రిజర్వేషను ఉన్న స్టేషనుకు ముందుగానే దిగి విరామం కోరుటకు వీలులేదు. కావున విరామం తీసుకోదలచినవారు కౌంటరులో టిక్కెట్టు కొనేటప్పుడే ఆ స్టేషను పేరు తెలిపి, అక్కడి వరకు ఒక రిజర్వేషను, అక్కడి నుండి మరొక రిజర్వేషను చేయించుకోవాలి. రిజర్వేషను రుసుము విడివిడిగా చెల్లించాలి.

టిక్కెట్టుపై ధ్రువీకరణ

విరామ స్టేషనులో దిగిన వెంటనే టిక్కెట్టును స్టేషను మాస్టరుకు గాని, టిక్కెట్టు కలెక్టరుకు గాని చూపించాలి. వారు స్టేషను సంకేతాక్షరాలు, తేదీ వేసి సంతకం చేస్తారు. చాలామంది మరచిపోయేది ఈ అంశమే. ఈ ధ్రువీకరణ లేనిచో తరువాతి రైలులో తనిఖీ అధికారి ఆ ప్రయాణికుని సరైన టిక్కెట్టు లేనివానిగా పరిగణించే అవకాశం ఉంది. అట్టివారి నుండి ఛార్జీతో పాటు అదనపు రుసుము వసూలు చేయుటకు రైల్వే చట్టం, 1989లోని 138వ సెక్షను అధికారమిస్తుంది. గేటు వద్ద టిక్కెట్టును పొరపాటున అప్పగించి వెళ్ళినా తదుపరి ప్రయాణానికి ఆధారం ఉండదు.

వర్తించని రైళ్ళు

రాజధాని, శతాబ్ది, జనశతాబ్ది వంటి రైళ్ళలో ఛార్జీ రెండు స్టేషన్ల మధ్య నేరుగా నిర్ణయిస్తారు. వీటి టిక్కెట్లపై ప్రయాణ విరామం ఉండదు.

వలయ ప్రయాణ టిక్కెట్టు

ఎక్కువ క్షేత్రాలు చూడదలచినవారికి వలయ ప్రయాణ టిక్కెట్టు (సర్క్యులర్ జర్నీ టిక్కెట్టు) అనుకూలం. బయలుదేరిన స్టేషనుకే తిరిగివచ్చే ఈ టిక్కెట్టుపై గరిష్ఠంగా ఎనిమిది విరామాలు తీసుకోవచ్చు. మొత్తం దూరాన్ని రెండు సమాన ప్రయాణాలుగా భావించి ఛార్జీ లెక్కిస్తారు.

ఓడ ప్రయాణంతో పోలిక

విహార నౌకలలో ఇటువంటి హక్కు సాధారణంగా ఉండదు. ఒక రేవులో దిగి, రాత్రి ఒడ్డున గడిపి, తరువాతి రేవులో అదే ఓడను కలుసుకోవాలంటే ఓడ సంస్థ అనుమతిని ముందుగానే పొందాలి. విదేశీ రేవులైతే వీసా, వలస తనిఖీ నియమాలు కూడా వర్తిస్తాయి. అమెరికాలో 1886 నాటి చట్టం విదేశీ ఓడలు ఆ దేశపు రేవుల మధ్య ప్రయాణికులను చేరవేయుటను నియంత్రిస్తున్నది. అందుచేత అక్కడ ఎక్కే, దిగే రేవులను మార్చుకొనుటకు అన్ని సందర్భాలలో వీలుపడదు. రేవుల మధ్య రవాణా ఖర్చు ప్రయాణికునిదే. రైలు మార్గంలో ఒక బండి వెనుక మరొక బండి వస్తుంది కనుకనే విరామాన్ని ఒక సాధారణ నియమంగా అమలు చేయుట సాధ్యమైంది.

ఇవి కూడా చూడండి

* భారతీయ రైల్వేలు
* మందమర్రి
* దక్షిణ మధ్య రైల్వే