బోయిన్ తీరాన సూర్యుని గర్భగృహం

ఐర్లండ్ ద్వీపపు తూర్పు భాగంలో, డబ్లిన్ మహానగరానికి వాయవ్యంగా విస్తరించిన సస్యశ్యామల సీమకు మీత్ కౌంటీ అని పేరు. కౌంటీ అంటే మన జిల్లా వంటిది. ఆ దేశపు ప్రాచీన భాషలో దీని నామం 'మిదె'. నడిమి భాగమని అర్థం. సంస్కృతంలోని 'మధ్య' శబ్దమూ ఈ 'మిదె' శబ్దమూ ఒకే ధాతుమూలం నుండి వెలువడినవని భాషాశాస్త్రవేత్తలు నిర్ణయించారు. పూర్వం ఆ ద్వీపంలో ఐదు మండలాలుండేవనీ, వాటి నడుమనున్నది మీత్ అనీ, అందులోని తారా కొండపై రాజాధిరాజులు పట్టం కట్టుకునేవారనీ అక్కడి ఐతిహ్యం.

నేడు ఉద్యోగరీత్యా డబ్లిన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. పిల్లలను చూడవెళ్ళిన తల్లిదండ్రులను వారాంతంలో సముద్రతీరానికో, పెద్ద అంగళ్ళకో తీసుకువెళ్ళడం పరిపాటి. ఈ వ్యాసకర్త కూడా ఆ విధంగా వెళ్ళినవాడే. అయితే గంట ప్రయాణంలో ఐదు వేల సంవత్సరాల నాటి పుణ్యస్థలాలు ఉండగా అంగళ్ళలో కాలక్షేపం చేయడం ఉచితం కాదని తోచి, మీత్ కౌంటీని కొంత నిదానంగా చూడడం జరిగింది. ఆ విశేషాలను పాఠక మహాశయులతో పంచుకోవాలని ఈ ప్రయత్నం.

ముందుగా నదిని గురించి చెప్పాలి. బోయిన్ నది పక్కనున్న కిల్డేర్ కౌంటీలో పుట్టి, మీత్ మీదుగా ప్రవహించి, ద్రోహెడా పట్టణం దాటి సముద్రంలో కలుస్తుంది. మొత్తం పొడవు సుమారు 112 కిలోమీటర్లు. మన గోదావరిని చూసిన కళ్ళకు అది ఒక పెద్ద కాలువ వలె కనిపిస్తుంది. కాని ఆ నదికి అధిదేవత ఉన్నది. ఆమె పేరు బోవన్. ఆ పేరులోని మొదటి పదం గోవు, రెండవది శ్వేతవర్ణం; 'తెల్లని ఆవు' అని పండితుల వ్యాఖ్యానం. ఐరిష్ భాషలో ఆవును 'బో' అంటారు. అది మన 'గో' శబ్దానికి సోదరి. నదిని ధేనువుగా భావించడం వేదాధ్యయనం చేసినవారికి కొత్త కాదు.

ఆ దేవత కథ కూడా ఆలోచింపదగినదే. ఎవరూ సమీపించరాని ఒక దివ్యకూపం ఉన్నదట. బోవన్ దానిని ధిక్కరించి, మూడుమార్లు అప్రదక్షిణంగా, అనగా ఎడమవైపుగా చుట్టి వచ్చిందట. వెంటనే బావి పొంగి, జలాలు ఆమెను సముద్రం వరకు తరిమాయి. ఆ ప్రవాహమార్గమే బోయిన్ నది. కుడివైపుగా తిరగడాన్ని ఐరిష్‌లో 'దెషల్' అంటారు. అందులోని 'దెస్' అనే పూర్వపదానికి కుడి అనీ, దక్షిణదిక్కు అనీ రెండర్థాలు. సంస్కృతంలో 'దక్షిణ' శబ్దానికి ఉన్నవి సరిగ్గా ఆ రెండర్థాలే. రెండు మాటలూ ఏకమూలకాలే. (మన తెలుగులోని 'దెస'కు దీనితో పొత్తు లేదు. అది 'దిశ'కు వికృతి.) తూర్పుముఖంగా నిలిచినవానికి కుడివైపు దక్షిణం కావడమే ఈ రెండర్థాలకు కారణం. ఐర్లండ్‌లోని పుణ్యకూపాల చుట్టూ క్రైస్తవ యాత్రికులు నేటికీ సూర్యుడు నడిచే దిశలోనే ప్రదక్షిణం చేస్తారు. ఎందుకని అడిగితే పెద్దల ఆచారం అంటారు. మన ఊళ్ళలోనూ వచ్చే సమాధానం అదే కదా!

ఆ నది వంపు తిరిగిన చోట మూడు మహా శిలాసమాధులున్నాయి. న్యూగ్రేంజ్, నౌత్, డౌత్ అని వాటి పేర్లు. ఈ ప్రాంతాన్ని 1993లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. యాత్రికులు నది దక్షిణపు ఒడ్డున ఉన్న సందర్శక కేంద్రానికి వెళ్ళి, కాలివంతెన దాటి, అక్కడి బస్సులో మాత్రమే న్యూగ్రేంజ్ చేరాలి. టిక్కెట్టు ముందుగా తీసుకోకుండా వెళ్ళినవారు నిరాశతో తిరిగి రావలసి ఉంటుంది.

న్యూగ్రేంజ్‌ను క్రీస్తుపూర్వం 3200 ప్రాంతంలో నిర్మించారు. ఈజిప్టులోని గీజా పిరమిడ్ల కంటె ఇది శతాబ్దాల ప్రాచీనం. సుమారు 85 మీటర్ల వ్యాసం, 13 మీటర్ల ఎత్తు గల మట్టి, రాళ్ళ దిబ్బ. చుట్టూ 97 శిలలతో పాదపీఠం. ముఖభాగాన మెరిసే తెల్లని స్ఫటికశిలను దక్షిణాన దూరంగా ఉన్న విక్లో పర్వతాల నుండి తెచ్చారు. చక్రాలబండి ఎరుగని కాలం అది. ఆ తెల్లని గోడ మాత్రం పురాతనమైనది కాదు; తవ్వకాల అనంతరం దొరికిన రాళ్ళతో పునర్నిర్మించినది. అసలు ఆ రాళ్ళు గోడగా ఉండేవా, నేలపై పరచబడి ఉండేవా అనే వివాదం పండితులలో ఇంకా నడుస్తూనే ఉన్నది. నాకు కూడా ఆ గోడ కొంత కొత్తగా, ఇటీవల సున్నం కొట్టిన ప్రాకారం వలె అనిపించింది. లోపలికి వెళ్ళిన తరువాత ఆ భావం నిలవలేదు.

ద్వారం ఎదుట సర్పిలాకార రేఖలు చెక్కిన పెద్ద శిల ఒకటి అడ్డంగా ఉంటుంది. దానిని దాటి, 19 మీటర్ల ఇరుకు మార్గంలో ఒదిగి, కొన్నిచోట్ల వంగి నడవాలి. చివర ఆరు మీటర్ల ఎత్తు గల గది. మూడు వైపులా మూడు గూళ్ళు. పైకప్పుకు సున్నం లేదు, దూలాలు లేవు. ఒక రాతిపై మరొక రాతిని కొద్దికొద్దిగా ముందుకు జరుపుతూ పేర్చి, శిఖరాన ఒక్క బండతో మూశారు. వాననీరు పక్కలకు జారిపోయేందుకు కప్పురాళ్ళపై గాళ్ళు తొలిచారు. సందులలో కాల్చిన మట్టి, సముద్రపు ఇసుక దట్టించారు. వానలకు పేరుపొందిన ఆ దేశంలో ఐదు వేల సంవత్సరాలుగా ఆ గదిలోకి చుక్క నీరు దిగలేదు. మన శిల్పులు సైతం తలవంచి నమస్కరించవలసిన పనితనం.

అసలు విశేషం ద్వారంపైన ఉన్నది. అక్కడ ఒక చిన్న గవాక్షం ఉన్నది. దానిని ఎందుకు అమర్చారో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. 1962 నుండి తవ్వకాలు జరిపిన ఆచార్య ఎం.జె. ఓకెల్లీ, సూర్యకిరణాలు లోపలి గదిని తాకుతాయని స్థానికులు చెప్పుకునే మాటను కొట్టిపారవేయక, 1967 డిసెంబరు 21వ తేదీ తెల్లవారుజామున ఒంటరిగా ఆ గదిలో కూర్చున్నారు. సూర్యోదయమైన కొద్ది నిమిషాలకు గవాక్షం గుండా సన్నని బంగారు రేఖ నేలపై పాకుతూ వచ్చి, విశాలమై, గర్భగృహాన్ని వెలిగించింది. సుమారు 17 నిమిషాల తరువాత మళ్ళీ చీకటి. డిసెంబరు 21కి అటూ ఇటూ కొద్ది దినాలు మాత్రమే ఈ దర్శనం.

ఆ తిథి ఏమిటో మన పాఠకులకు వివరించనక్కరలేదు. సూర్యుడు దక్షిణపు అంచును చేరి ఉత్తరానికి మరలే పుణ్యకాలం అది. మనం నిరయన గణనను అనుసరించి జనవరిలో మకర సంక్రమణం జరుపుకుంటున్నాము గాని, దృగ్గణితరీత్యా అయనం మారేది డిసెంబరులోనే. ఐర్లండ్ ఉత్తర అక్షాంశం 53 డిగ్రీలలో ఉండడం వలన ఆనాడు పగలు ఏడున్నర గంటలే. పశువులకు మేత తరిగి, ధాన్యం అడుగంటే ఋతువులో సూర్యుడు మరలి వస్తాడా రాడా అన్నది వారికి ప్రాణసంకటమైన ప్రశ్న. అరసవల్లిలో స్వామి పాదాలను కిరణాలు తాకే వేళ మన భక్తులు పొందేది ఆనందం. ఆ చలిదేశంలో దానికి తోడు ఊరట. మరొక సూక్ష్మం: భూమి అక్షపు వాలు ఈ ఐదు వేల ఏళ్ళలో కొద్దిగా మారింది. అందువలన ఒకప్పుడు ఉదయంతోనే ప్రవేశించిన కిరణం నేడు సుమారు నాలుగు నిమిషాలు ఆలస్యంగా ప్రవేశిస్తున్నది.

ఆ ఉదయాలలో లోపల నిలిచే భాగ్యం లాటరీ ద్వారా అతి కొద్దిమందికి లభిస్తుంది. వేలాది మంది దరఖాస్తు చేస్తారు. ఎంపికైనవారికి కూడా మబ్బు పట్టితే ఫలం శూన్యం. 2020లో కరోనా మహమ్మారి కారణంగా ఎవరినీ అనుమతింపక, ఆ దృశ్యాన్ని ప్రత్యక్ష ప్రసారం చేశారు. తక్కిన దినాలలో వెళ్ళినవారికి మార్గదర్శకులు దీపాలన్నీ ఆర్పి, విద్యుద్దీపంతో ఆ కిరణాన్ని అనుకరించి చూపుతారు. కృత్రిమమే. అయినా ఆ చీకటిలో నిలిచిన యాత్రికులందరూ ఒక్కసారిగా మౌనం వహించారు.

ఆ మౌనంలో నన్ను కలవరపెట్టిన ఆలోచన ఒకటి ఉన్నది. ఇక్కడ ఏ మంత్రం పలికారు? ఏ దేవతను ఆహ్వానించారు? ఎవరికీ తెలియదు, ఇక తెలిసే మార్గమూ లేదు. ఆ నిర్మాతలు ఐరిష్ భాష మాట్లాడినవారు కూడా కారు. ఆ భాష ద్వీపానికి చాలా తరువాత వచ్చింది. వెనుక వచ్చినవారు అది తమ దేవతల నివాసమని కథ అల్లుకున్నారు. బోవన్ కుమారుడైన ఏంగస్ ఆ భవనాన్ని ఒక పగలు, ఒక రాత్రి కొరకు అడిగి, కాలమంతా పగలూ రాత్రే కనుక భవనం శాశ్వతంగా తనదే అన్నాడట. వామనావతారాన్ని తలపించే ఈ కథ మధురమే గాని, అది నిర్మాతల కథ కాదు. శిల నిలిచింది, శబ్దం నశించింది.

మన దేశంలో జరిగినది దీనికి విపర్యయం. మన యజ్ఞశాలల ఇటుకలు మిగలలేదు, స్వరం మిగిలింది. వేదపఠన సంప్రదాయాన్ని యునెస్కో 2003లో మానవజాతి మహోన్నత వారసత్వంగా ప్రకటించింది. అయితే మనం నిశ్చింతగా ఉండదగినదేమీ లేదు. పతంజలి మహర్షి తన మహాభాష్యంలో ఋగ్వేదానికి 21, యజుర్వేదానికి 101, సామవేదానికి 1000, అథర్వణానికి 9 శాఖలను పేర్కొన్నాడు. వాటిలో నేడు గురుముఖంగా వినబడేవి వేళ్ళమీద లెక్కింపదగినన్ని. మిగిలిన శాఖలు వల్లించిన చివరి వృద్ధుడు కన్నుమూసిన దినమున వాటికి గుర్తుగా ఒక రాయి అయినా మిగలలేదు. న్యూగ్రేంజ్ వారికి కనీసం గది మిగిలింది.

తారా కొండ

తారా అనగానే మనవారికి తారాదేవి స్ఫురిస్తుంది. కొందరు ఉత్సాహవంతులు ఆ సంబంధాన్ని రాసి ప్రచారం చేస్తున్నారు కూడా. అది సరికాదు. ఆ కొండ అసలు పేరు 'తెమైర్'. ఆంగ్లేయుల నోట 'తారా' అయింది. నిజమైన బంధుత్వాలు ఇన్ని ఉండగా లేనివి కల్పించుకోవలసిన అవసరం మనకు లేదు.

కొండ అంటే పెద్ద ఎత్తేమీ కాదు. పచ్చిక కప్పిన కట్టలు, కందకాలు, మేస్తున్న గొర్రెలు. పైకి వెళితే మాత్రం నలుదిక్కులా దేశం తెరుచుకుంటుంది. నడుమ 'లియా ఫాల్' అనే నిలువు శిల ఉన్నది. ధర్మబద్ధుడైన రాజు తాకితే అది ఘోషించేదట. ప్రాచీన ఐరిష్ ధర్మశాస్త్రంలో, ఉన్నతుడైన ఋణగ్రస్తుడు బాకీ తీర్చకపోతే ఋణదాత అతని వాకిట ఉపవాసం చేసే విధి ఉండేది. మన దేశపు 'ధర్నా' పూర్వరూపం కూడా సరిగ్గా ఇటువంటిదే.

1899 నుండి 1902 వరకు కొందరు ఆంగ్లేయులు, యూదుల పవిత్ర మందసం ఇక్కడే పాతిపెట్టబడి ఉన్నదని నమ్మి ఈ కొండను త్రవ్వి పాడుచేశారు. దానిని నిరసిస్తూ పత్రికకు లేఖ రాసిన వారిలో కవి డబ్ల్యూ.బి. యేట్స్ ఒకరు. పురోహిత స్వామితో కలిసి పది ఉపనిషత్తులను ఆంగ్లీకరించి 1937లో ప్రకటించినది ఆ మహాకవే. శతాబ్దం తరువాత మరొక వివాదం వచ్చింది. కొండ ప్రక్కనున్న లోయ గుండా ఎం3 రహదారి వేయదలచినప్పుడు ఏళ్ళ తరబడి ఆందోళన జరిగింది. 2007లో ఆ మార్గంలోనే లిస్‌మల్లిన్ వద్ద ప్రాచీన వలయాకార నిర్మాణం బయటపడింది. వివరాలు నమోదు చేసుకుని రహదారిని పూర్తిచేశారు. 2010లో అది ప్రారంభమైంది. ఆ రహదారిపైనే మా కారు కూడా వెళ్ళింది. డబ్లిన్‌కు నిత్యం ఉద్యోగానికి వెళ్ళివచ్చేవారికి దానివలన సమయం కలిసివస్తున్న మాట వాస్తవం. కొండపై నిలిచినప్పుడు వాహనాల హోరు వినిపించే మాట కూడా వాస్తవం.

ఎదురుగా ఉత్తరాన స్లేన్ కొండ. తారాలో రాజాగ్ని వెలిగేవరకు దేశంలో ఎవరూ నిప్పు రాజేయరాదన్న ఆజ్ఞను ధిక్కరించి, క్రీ.శ. 433లో సెయింట్ పాట్రిక్ ఈ కొండపై ఈస్టర్ అగ్నిని వెలిగించాడని క్రైస్తవ సంప్రదాయం. కెల్స్ పట్టణంలో తొమ్మిదవ శతాబ్దపు మఠానికి చెందిన గుండ్రని గోపురం, చెక్కడపు శిలువలు ఉన్నాయి. దూడచర్మంపై చిత్రించిన సుప్రసిద్ధ 'కెల్స్ గ్రంథం' మాత్రం నేడు డబ్లిన్ ట్రినిటీ కళాశాలలో ఉన్నది. ట్రిమ్ పట్టణపు కోట 12వ శతాబ్దంలో ఆరంభమైన నార్మన్ల నిర్మాణం. కోటలంటే ప్రీతి ఉన్న పిల్లలకు అది నచ్చుతుంది.

అంగళ్ళు, ఆహారం

కొనదలచినవారికి ఉన్ని శాలువలు, నార వస్త్రాలు, సర్పిలరేఖల వెండి పతకాలు దొరుకుతాయి. 'తారా బ్రోచ్' అనే ఆభరణపు నకళ్ళు దుకాణాలలో విరివిగా కనిపిస్తాయి. దానికి తారాతో ఏ సంబంధమూ లేదు. అది 1850లో మీత్ సముద్రతీరాన బెట్టీస్‌టౌన్ వద్ద దొరికింది. ఒక నగల వర్తకుడు అమ్మకం కోసం ఆ పేరు పెట్టాడు. అసలు నగ డబ్లిన్ జాతీయ ప్రదర్శనశాలలో ఉన్నది. నా మటుకు రెల్లుతో అల్లిన బ్రిజిడ్ శిలువ చాలు ననిపించింది. ఫిబ్రవరి 1న వసంతారంభ పర్వానికి వాటిని అల్లి ఇంటి ద్వారానికి కడతారు, మనం మామిడాకులు కట్టినట్లు. 2023 నుండి ఆ పర్వానికి ప్రభుత్వ సెలవు కూడా ఇస్తున్నారు.

శాకాహారులు 'కూరగాయల సూప్' అన్న మాటను చూసి తొందరపడరాదు; మాంసరసం కలిపారేమో అడిగి తీసుకోవాలి. మజ్జిగ, వంటసోడా కలిపి కాల్చే సోడా బ్రెడ్, వెన్న, ఉడికిన బంగాళాదుంపలు నిరపాయకరం. గొడుగు కంటె వానకోటు మేలు.

యాత్రికుల బస్సులు ఆగని ఊరు ఒకటి చెప్పి ముగిస్తాను. అథ్‌బోయ్ పట్టణ సమీపాన ఉన్న రాథ్‌కార్న్. శతాబ్దాల పరపాలనలో మీత్ సీమలో ఐరిష్ భాష దాదాపు అంతరించగా, 1935లో ప్రభుత్వం పశ్చిమ తీరపు కొన్నెమారా నుండి ఆ భాష మాట్లాడే 27 కుటుంబాలను తెచ్చి, భూమి ఇచ్చి ఇక్కడ నాటింది. అధికారికంగా ఐరిష్ భాషాప్రాంతమన్న గుర్తింపు కొరకు వారు 1967 వరకు పోరాడవలసి వచ్చింది. ఇప్పుడు ఆ ఊరి పాఠశాలలో బోధన ఐరిష్‌లోనే జరుగుతున్నది. మేము వెళ్ళిన వేళకు బడి వదిలారు. పిల్లలు గోడ ప్రక్కన ఏదో విషయమై గట్టిగా వాదులాడుకుంటున్నారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, మా వాహనచోదకుడు వద్దంటున్నా, కొంతసేపు అక్కడే నిలబడి విన్నాను.