కళ్లు మూసుకుని చీర కొనగలరా?

చీర కొనడమంటే కళ్లకు పండుగ అంటాం. మరి చూపులేని ఆడపడుచు చీర ఎలా కొనుక్కుంటుందో ఎప్పుడైనా గమనించారా? కొంగును వేళ్ల మధ్య నలిపి నూలు మెత్తదనం చూసుకుంటుంది. అంచు ఎంత వెడల్పుందో బెత్తెతో కొలుచుకుంటుంది. మన సిద్దిపేట గొల్లభామ చీరైతే మరీ సులువు. ఆ బొమ్మ అచ్చు వేసింది కాదు, నేతలోనే వచ్చింది కనుక వేలికి తగులుతుంది. ఇక మిగిలింది రంగు. "ఇది ఏం రంగన్నా?" అని అడిగితే, "మెంతిరంగు చెల్లే, దానికి మెరూన్ అంచు" అంటాడు దుకాణం ఆయన. అక్కడి నుంచి బేరం మొదలు.

అదే దుకాణాన్ని ఫోనులోకి ఎక్కించాక ఏమవుతుంది? ఆమె ఫోను ఆమెకు ఇలా చదివి వినిపిస్తుంది: "ఇమేజ్. ఐఎంజీ రెండు సున్నా మూడు నాలుగు. బటన్. బటన్. బటన్." మెంతిరంగూ లేదు, మెరూనూ లేదు. గొల్లభామ అసలే లేదు!

చూపులేనివాళ్లు స్మార్ట్‌ఫోను ఎలా వాడతారా అని చాలామందికి సందేహం. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ అనే సదుపాయం ఉంది. ఐఫోనులో దానినే వాయిస్ఓవర్ అంటారు. తెర మీద వేలు ఎక్కడ ఆనితే అక్కడున్నది పైకి చదువుతుంది. తెలుగు కూడా చక్కగా చదువుతుంది. కావలసిన దాని మీద రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. కంప్యూటరులో అయితే ఎన్‌వీడీఏ ఉంది. ఆస్ట్రేలియాలో చూపులేని ఇద్దరు యువకులు 2006లో మొదలుపెట్టిన పని అది, ఇప్పటికీ ఉచితమే. అంటే చదివే గొంతు సిద్ధంగా ఉంది. చదవడానికి అక్కడ మాటలంటూ ఉండాలి కదండీ! ఫొటో పెట్టినవాళ్లు దాని వెనక ఒక్క వాక్యం కూడా రాయకపోతే ఆ గొంతు మాత్రం ఏం చేస్తుంది, ఫైలు నంబరు చదువుతుంది.

ఈ మధ్య కొన్ని ఫోన్లు ఫొటోను తమంతట తామే వర్ణించడం నేర్చాయి. కానీ "చీర కట్టుకున్న మహిళ" అన్నంత మాత్రాన ఎవరైనా డబ్బు పెట్టి కొంటారా?

యూరప్‌లో చట్టం, మనకెందుకు?

ఈ చిక్కు మీద యూరప్‌లో ఇప్పుడు పెద్ద చట్టమే వచ్చింది. యూరోపియన్ యాక్సెసబిలిటీ యాక్ట్ అంటారు. 2019లో చేశారు, 2025 జూన్ 28 నుంచి అమలులోకి వచ్చింది. యూరోపియన్ యూనియన్‌లోని కొనుగోలుదారులకు ఆన్‌లైన్‌లో సరుకు అమ్మే దుకాణం చూపు లేనివారికి, వినపడనివారికి, చేతులు సరిగా ఆడనివారికి కూడా పనికొచ్చేలా ఉండాలని దాని సారాంశం. బ్యాంకు సేవలు, టికెట్ యంత్రాలు, ఫోన్లు, ఈ-పుస్తకాలు కూడా ఇందులో ఉన్నాయి. ఒక్కో దేశం దీనిని తన చట్టంగా రాసుకుంది. జర్మనీలో లక్ష యూరోల దాకా జరిమానా పెట్టారు. ఐర్లాండ్‌లో అయితే జైలుశిక్షకు కూడా వీలుంది. ఫ్రాన్సులో చట్టం అమలైన మరుసటి నెలలోనే వికలాంగుల సంఘాలు కలిసి ఆషాన్, కార్ఫూర్, లెక్లెర్, పికార్ అనే నాలుగు పెద్ద గొలుసు దుకాణాలకు నోటీసులిచ్చాయి. మీ ఆన్‌లైన్ కొట్టులో మేము కూరగాయలు కూడా కొనుక్కోలేకపోతున్నాం, సరిచేయండి అని.

"ఎక్కడి ఫ్రాన్సు, ఎక్కడి సిద్దిపేట" అనుకోకండి. జర్మనీలో, నెదర్లాండ్స్‌లో, ఐర్లాండ్‌లో మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. బతుకమ్మ దగ్గర పడితే చీర కోసం వాళ్ల కళ్లు ఇటే తిరుగుతాయి. భౌగోళిక గుర్తింపు పొందిన గొల్లభామ చీర గానీ, ఇదే జిల్లాలోని చేర్యాల నకాశీ బొమ్మలు గానీ అక్కడివాళ్ల చేతికి చేరాలంటే ఈ రోజుల్లో దారి ఫోనులోంచే. అలా అక్కడివారికి అమ్మే దుకాణం సిద్దిపేటలో ఉన్నా, బెర్లిన్‌లో ఉన్నా చట్టం చూసేది కొనేవాళ్లు ఎక్కడున్నారనే.

కంగారు పడాల్సిన పని మాత్రం లేదు. పదిమందికి తక్కువ పనివాళ్లుండి, ఏడాది వ్యాపారం ఇరవై లక్షల యూరోలు (మన లెక్కలో ఇంచుమించు ఇరవై కోట్ల రూపాయలు) దాటని చిన్న సేవాసంస్థలను ఈ చట్టం వదిలేసింది. ఇంట్లో కూర్చుని చీరలూ పచ్చళ్లూ అమ్మే మన అక్కచెల్లెళ్ల మీదికి జర్మనీ పోలీసులు రారు! పెద్ద ఎగుమతిదారుకో, పెద్ద ఆన్‌లైన్ అంగడికో సరుకు ఇచ్చేవాళ్లు మాత్రం ఒకటి గుర్తు పెట్టుకోవాలి. ఆ పెద్దవాళ్ల మీద చట్టం ఉంది. "ఫొటోతోపాటు వర్ణన కూడా పంపండి" అని వాళ్లు మిమ్మల్ని అడిగే రోజు వస్తుంది. అడగకముందే రాయడం అలవాటు చేసుకున్నవాళ్లకే సుఖం.

ఫొటో వెనక మాట

చట్టం అడిగేవాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ, మనకు బాగా చేతనైనదీ ఇదే. ఆన్‌లైన్ దుకాణంలో ఫొటో ఎక్కించేటప్పుడు ఆల్ట్ టెక్స్ట్ అనే చిన్న గడి ఉంటుంది. తెర మీద కనపడదు, చూపులేనివారి ఫోను మాత్రం దానిని చదువుతుంది. చాలామంది ఆ గడిని ఖాళీగా వదిలేస్తారు, లేదా "చీర 5" అని రాస్తారు. చెల్లెలితో ఫోనులో మాట్లాడుతూ "మొన్న కొన్న చీర ఎట్లుందో చెప్తా విను" అని మొదలుపెడితే మనం ఐదో నంబరు చీర అంటామా? ఆ చెప్పేదే ఆ గడిలో రాయాలి. ఉదాహరణకు ఇలా:

"సిద్దిపేట చేనేత నూలు చీర. చిలకపచ్చ రంగు, బెత్తెడు ఎర్ర అంచు. కొంగు మీద వరుసగా గొల్లభామ బొమ్మలు, నెత్తిన కుండ, చేతిలో చిన్న కుండ. బ్లౌజు ముక్క ఉంది."

చాలు. "ఫొటో ఆఫ్" అని మొదలుపెట్టనక్కర్లేదు, అది ఫొటో అని ఫోనే చెబుతుంది. "అద్భుతమైన, అపురూపమైన" అని పొగడనూ వద్దు. పొగడ్త విని రంగు ఎవరికి తెలుస్తుంది? రెండో ఫొటో కొంగు దగ్గరిదైతే కొంగు గురించే రాయండి, మొదటిదే మళ్లీ దించకండి.

రంగుల సంగతి ఇంకొంచెం చెప్పాలి. దుకాణం పేజీలో రంగు ఎంచుకోవడానికి చిన్న చిన్న గుండ్రాలు పెడతారు, పేర్లుండవు. చూపులేనివారి సంగతి సరే, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియని మగవాళ్లు మనలో కూడా కొంతమంది ఉంటారు. భార్యకు చీర కొందామని ఉత్సాహంగా వచ్చిన ఆయన ఏం ఎంచుకుంటాడో ఊహించుకోండి! ప్రతి గుండ్రానికీ పేరు రాయాలి. రంగుల పేర్లలో మనకు కొరతేముంది? వంగపండు రంగు, నెమలికంఠం, కనకాంబరం, గంధం, మెంతి, ఉల్లిపొర... "గ్రీన్-3" అనేకన్నా "చిలకపచ్చ" అంటే ఒకప్పుడు చూపుండి తర్వాత పోగొట్టుకున్నవారికి ఆ రంగు మనసులో మెదులుతుంది కూడా.

ఇక మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు, ధరా ఆఫరూ అన్నీ బొమ్మలోనే రంగురంగుల అక్షరాల్లో రాసేయడం. పండుగ పోస్టర్ ఎంతో ముచ్చటగా ఉంటుంది, టాక్‌బ్యాక్‌కు మాత్రం ఒక్క ముక్క అర్థం కాదు. ధర, పొడవు, ఉతికే పద్ధతి, తిరిగి తీసుకునే గడువు అక్షరాల్లో కింద టైపు చేయాలి. తెల్లటి పేజీ మీద లేత బూడిదరంగు అక్షరాలు కూడా వద్దు. 1999లో మొదలైన అంతర్జాతీయ వెబ్ మార్గదర్శకాల్లో దీనికో కొలత ఉంది: మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5కు 1 ఉండాలి. అంత లెక్క మనకు వద్దనుకుంటే శుక్లాలున్న అత్తగారికి ఫోనిచ్చి చదవమంటే సరి. వీడియోలో చీరలు చూపిస్తూ "ఇది పన్నెండు వందలు" అని నోటితో చెప్పేవారు ఆ మాట తెర మీద రాస్తే వినపడనివారు కూడా కొనుక్కుంటారు.

రహస్య సంఖ్య ఎవరికి చెప్పాలి?

చీర నచ్చింది, బుట్టలో వేసుకుంది. డబ్బు కట్టే దగ్గర అసలు కష్టం. "ట్రాఫిక్ లైట్లున్న బొమ్మలు ఎంచుకోండి" అంటుంది పేజీ. కట్టే బటనుకు పేరుండదు. ఓటీపీ వినేలోగా గడువు అయిపోతుంది. చేసేది లేక పక్కింటి పిల్లవాడినో, మరిదినో పిలిచి కార్డు ఇవ్వాలి, రహస్య సంఖ్య చెప్పాలి. తాను ఏం కొంటుందో, ఎంతకు కొంటుందో ఇంటిల్లిపాదికీ తెలియాలి. తన డబ్బుతో తాను లోదుస్తులు కొనుక్కోవడానికి కూడా ఇంకొకరి కళ్లు అరువు తెచ్చుకోవాలా? నా వరకు నాకు ఈ చట్టంలో జరిమానాల కన్నా ఇదే పెద్ద విషయంగా తోస్తుంది.

మన దేశంలోనూ ఈ మాట కోర్టు దాకా వెళ్లింది. యాసిడ్ దాడికి గురైన ప్రజ్ఞా ప్రసూన్ 2023లో బ్యాంకు ఖాతా తెరవబోతే, బతికున్న మనిషేనని రుజువు చేయడానికి కెమెరా ముందు కళ్లు ఆర్పమన్నారు. ఆమె ఆర్పలేరు. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లారు, చూపులేని న్యాయవాది అమర్ జైన్ కూడా వేరుగా పిటిషన్ వేశారు. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న కోర్టు తీర్పు చెప్పి, ఇరవై ఆదేశాలు ఇచ్చింది. అంతకుముందే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ సేవలతోపాటు ప్రైవేటు సేవలు కూడా అందరికీ అందుబాటులో ఉండాలని చెప్పింది. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో చూపు వైకల్యం ఉన్నవారు సుమారు యాభై లక్షలు. వ్యాపారం చేసేవాళ్లు ఈ లెక్కను కూడా ఒకసారి చూసుకోవచ్చు.

మీ దుకాణం ఎలా ఉందో తెలుసుకోవడానికి ఒక పూట చాలు. ఫోను సెట్టింగుల్లో యాక్సెసబిలిటీకి వెళ్లి టాక్‌బ్యాక్ ఆన్ చేయండి. అయితే ఆన్ చేసేముందు ఆఫ్ చేయడం తెలుసుకోండి, లేకపోతే పొయ్యి మీద పాలు పొంగుతుంటే ఫోను పట్టుకుని కుస్తీ పట్టాలి! ఒకసారి తడితే చదువుతుంది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది, పేజీ జరపాలంటే రెండు వేళ్లు వాడాలి. ఆఫ్ చేయాలన్నా అంతే, అదే మీట మీద ఒకసారి తట్టి తర్వాత రెండుసార్లు తట్టాలి. చాలా ఫోన్లలో వాల్యూమ్ బటన్లు రెండూ కాసేపు నొక్కిపట్టినా ఆగుతుంది. ఇప్పుడు కళ్లు మూసుకుని మీ దుకాణంలోనే ఒక చీర కొనండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ మీ కొనుగోలుదారు కూడా ఆగిపోతారు. కంప్యూటరు మీద అయితే మౌసు పక్కన పెట్టి ట్యాబ్ మీటతోనే చివరిదాకా వెళ్లగలరేమో చూడండి. చేతులు వణికేవారు అలాగే వాడతారు.

వెబ్‌సైటు చేసిచ్చినవాళ్లు "ఒక్క లైను కోడు పెడితే అంతా సరి, చట్టం కూడా తృప్తి పడుతుంది" అంటే తొందరపడి డబ్బు కట్టకండి. అలాంటి మాటే చెప్పి అమ్ముకున్న యాక్సెసిబీ అనే కంపెనీ మీద 2025లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పది లక్షల డాలర్లు వేసింది. ఫొటో వెనక మాట మనిషి రాయాల్సిందే.

పేజీ ఎంతవరకు అందుబాటులో ఉందో రాసి పెట్టాలని కూడా ఈ చట్టం అడుగుతుంది. చిన్న దుకాణాలకు బలవంతం లేకపోయినా "చూడటంలోగానీ వినడంలోగానీ కష్టమైతే ఈ నంబరుకు ఫోను చేయండి, లేదా మెసేజ్ పెట్టండి" అని రెండు ముక్కలు రాయండి. ఆ నంబరును మాత్రం బొమ్మలో పెట్టకండి, అక్షరాల్లో టైపు చేయండి.