వీసా అక్కరలేనివారికిని అనుమతి కావలెను

కాచిగూడ స్టేషనులో రైలు దిగి, శంషాబాదు విమానాశ్రయమునకు దారి అడుగు వృద్ధ దంపతులు నేడు మనకు క్రొత్త కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయములో చదివి, తార్నాకలో గది అద్దెకు తీసికొని పరీక్షలకు సిద్ధపడిన బిడ్డలలో కొందరు కెనడా, బ్రిటన్, అమెరికాలలో స్థిరపడినారు. వారిని చూడబోవువారికి వీసా, ప్రయాణానుమతి అను రెండు మాటలు వినబడుచున్నవి. ఈ రెండింటికి గల భేదమును గ్రామ సోదరులకు తెలుపుటయే మా ఉద్దేశము.

పాస్‌పోర్టును మన ప్రభుత్వము ఇచ్చును. వీసాను మనము పోదలచిన దేశము ఇచ్చును. కొన్ని దేశముల పౌరులు వీసా లేకయే రావచ్చునని ఒక ప్రభుత్వము నిర్ణయించవచ్చును. అట్టివారును విమానమెక్కక పూర్వమే కంప్యూటరు ద్వారా తమ వివరములు పంపి అనుమతి పొందవలెను. దీనినే ఎలక్ట్రానిక్ ప్రయాణానుమతి అందురు. వచ్చువారెవరో వారు దిగిన పిమ్మటగాక, బయలుదేరక మునుపే తెలిసికొనుట దీని ప్రయోజనము. ఇది లేనివారిని విమాన సంస్థవారు ఎక్కనీయరు.

ఈ పద్ధతిని అమెరికా 2009 జనవరిలో తప్పనిసరి గావించినది. కెనడా 2016లో అమలుపరచినది. బ్రిటన్ అమెరికా, కెనడా పౌరులకు 2025 జనవరి 8 నుండి వర్తింపజేసినది. కెనడా అనుమతికి రుసుము 7 కెనడా డాలర్లు. అయిదేండ్లు నిండువరకుగాని, పాస్‌పోర్టు గడువు తీరువరకుగాని, ఏది ముందైన అంతవరకు అది చెల్లును.

ఇక ముఖ్య విషయము. ఈ మూడు దేశముల వీసా మినహాయింపు జాబితాలలో భారతదేశము లేదు. కుమారుడు కెనడా పౌరుడైనను, భారత పాస్‌పోర్టుతో ఇచటినుండి పోవు తండ్రికి వీసా తప్పదు. “వీసా ఏల? అనుమతి తెప్పించెదము” అని వేలకు వేలు అడుగు దళారులను నమ్మరాదు. పొలము కుదువబెట్టి తెచ్చిన సొమ్ము పోవుటయేగాక, విమానాశ్రయమునుండి వెనుకకు మరలవలసివచ్చును. అయితే అన్ని దేశములును ఒకటి కావు. కెన్యా 2024 జనవరిలో వీసాను తొలగించి, మనవారికిని ఇట్టి ప్రయాణానుమతినే విధించినది.

మనుమలు మన యూరికి వచ్చునపుడును నియమములున్నవి. విదేశీ పాస్‌పోర్టు గల బిడ్డకు భారత వీసాగాని, 2006లో హైదరాబాదు ప్రవాసీ సభలో ప్రారంభమైన విదేశీ భారతీయ పౌర కార్డుగాని ఉండవలెను. తాతగారి యిల్లే గదా యని కాగితములు లేక బయలుదేరరాదు.

దరఖాస్తును ఆయా ప్రభుత్వముల స్వంత వెబ్‌సైటులోనే చేయవలెను. అనుమతి పాస్‌పోర్టు సంఖ్యతో ముడిపడియుండును. కావున సున్నకు బదులు ఇంగ్లీషు ‘ఓ’ అక్షరము పడినను చిక్కు వచ్చును. పాస్‌పోర్టు మారినచో అనుమతియు క్రొత్తగా పొందవలెను. చదువరియైన యువకునిచేత ఒక్కొక్క అక్షరము చదివించుకొని, పిమ్మటనే రుసుము చెల్లింపుడు. టిక్కెట్టు కొనుటకు ముందు వెచ్చించు ఆ గంట మీ సొమ్మును, మీ ప్రయాణమును కాపాడగలదు.