యాత్ర మధ్యలో ఓడ దిగడం: గ్రీకు దీవుల రేవుల్లో ప్రయాణికుడు, సామాను, సరిహద్దు

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
- రేవులో కొన్ని గంటలు తిరిగి రావడానికీ, అక్కడే యాత్ర ముగించడానికీ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
- మధ్యలో దిగే ప్రయాణికుడు ఓడ, సరిహద్దు, కస్టమ్స్ అధికారుల ముందు పూర్తిచేయవలసిన పనులను వరుసగా చెప్పగలుగుతారు.
- సామాను, రేవు స్వరూపం, విమానాశ్రయపు దూరం ఆధారంగా ఏ రేవులో దిగడం మేలో నిర్ణయించగలుగుతారు.

1. పరిచయం

విహార నౌకాయాత్రను మనం క్రూయిజ్ అంటున్నాం. తెలంగాణకు సముద్రతీరం లేదు. కాబట్టి ఇబ్రహీంపట్నం నుంచి క్రూయిజ్‌కు వెళ్లేవారి ప్రయాణం ఓడతో మొదలు కాదు, ఓడతో ముగియదు. అది రంగారెడ్డి జిల్లాలోనే ఉన్న శంషాబాద్ విమానాశ్రయంలో మొదలై, దోహా, దుబాయ్ వంటి నగరాల మీదుగా ఏథెన్స్ చేరి, అక్కడి పిరియస్ రేవులో ఓడ ఎక్కడంతో ముందుకు సాగుతుంది. తిరుగు ప్రయాణం కూడా అంతే. విమాన టికెట్టు, ఓడ టికెట్టు, వీసా, బీమా ఒక గొలుసులోని కడియాలు. మధ్యలో ఓడ దిగితే నాలుగూ కదులుతాయి.

అలా దిగవలసి రావడం అరుదు కాదు. ఇంటి దగ్గర పెద్దవారికి ప్రాణం మీదకు వస్తుంది. ఓడలో ఉన్నవారికే జబ్బు చేస్తుంది. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్న పిల్లలు తల్లిదండ్రులను క్రూయిజ్‌కు తీసుకువెళ్లడం తెలుగు కుటుంబాల్లో పెరుగుతున్న కొద్దీ ఈ పరిస్థితులూ ఎదురవుతాయి. అటువంటి ఘడియలో ఏం చేయాలో తెలియకపోతే దుఃఖానికి అయోమయం తోడవుతుంది.

మధ్యలో దిగడం కొత్త విషయం కూడా కాదు. రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి బయలుదేరిన గాంధీజీ 1931 ఆగస్టు 29న బొంబాయిలో రాజ్‌పుతానా ఓడ ఎక్కారు. సెప్టెంబర్ 11న ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవులో దిగి, రైలులో మరునాటికి లండన్ చేరారు. జిబ్రాల్టర్ చుట్టూ తిరిగి వెళ్లే సముద్రమార్గం కన్నా ఇది దగ్గర దారి. ఆనాటి ప్రయాణికుల్లో చాలామంది ఇలాగే చేసేవారు. ఓడ అడుగు అరలో పెట్టే పెట్టెలకు ‘ప్రయాణంలో అక్కరలేదు’ అని చీటీ అంటించేవారు. అలాంటి పెట్టె అనుకోకుండా కావలసివస్తే పైకి తీయించడం తేలిక కాదు. మనిషి దిగడం ఒకటి, సామాను దిగడం మరొకటి అన్న పాఠం అప్పటి నుంచీ ఉంది.

2. రేవులో ఆగడం, యాత్ర ముగించడం

ఓడ ఒక దీవి దగ్గర ఆగినప్పుడు ప్రయాణికుడు తన గది కార్డును ద్వారం దగ్గర చూపి దిగుతాడు. ఊరు చూసి సాయంత్రానికి తిరిగి వస్తాడు. కార్డును యంత్రం చదవగానే అతడు బయట ఉన్నాడని నమోదవుతుంది, తిరిగి వచ్చినప్పుడు లోపల ఉన్నాడని నమోదవుతుంది. ఈ రాకపోకలన్నిటిలో అతడు ఓడ ప్రయాణికుడుగానే ఉంటాడు.

యాత్ర ముగించడం అలా కాదు. అక్కడ అతడు ఓడ ప్రయాణికుల జాబితా నుంచి తొలగి, ఆ దేశంలో స్వతంత్రంగా ఉన్న విదేశీయుడవుతాడు. చెప్పకుండా ఊళ్లో ఉండిపోతే ఓడవారికి అతడు ‘తిరిగి రాని ప్రయాణికుడు’. అప్పుడు సాధారణంగా పేరు పిలుస్తారు, గది వెతుకుతారు, పాస్‌పోర్టు దొరికితే రేవులోని ఏజెంటుకు అప్పగించి ఓడ సాగిపోతుంది. పెట్టెలు మాత్రం ఓడతోనే పోతాయి. అందువల్ల ఈ పాఠ్యభాగంలోని ప్రధాన సూత్రం ఇది: మధ్యలో దిగాలంటే ముందు అనుమతి, తరువాత అడుగు.

3. పూర్తిచేయవలసిన మూడు లెక్కలు

3.1 ఓడ లెక్క

యూరప్‌లోని షెంగెన్ సరిహద్దుల నియమావళి ప్రకారం, సభ్యదేశపు రేవు చేరడానికి కనీసం 24 గంటల ముందు క్రూయిజ్ నౌక తన ప్రయాణికుల జాబితాను సరిహద్దు అధికారులకు పంపాలి. రెండు రేవుల మధ్య ప్రయాణం 24 గంటల కన్నా తక్కువైతే, ముందు రేవులో అందరూ ఎక్కిన వెంటనే పంపాలి. మధ్యలో దిగేవారి సమాచారం వీలైనంత ముందుగా అందాలనడానికి కారణం ఇదే. కాబట్టి ప్రయాణికుడు ఓడ రిసెప్షన్ కౌంటరులో లిఖితపూర్వకంగా దరఖాస్తు చేసుకోవాలి. ముందే తెలిసిన అవసరమైతే టికెట్టు కొన్న ఏజెంటు ద్వారా కంపెనీకి రాయించడం మేలు.

వీసాలు తనిఖీ కావలసిన ప్రయాణికుల పాస్‌పోర్టులను చాలా ఓడలు రిసెప్షన్‌లోనే దాచి ఉంచుతాయి. అందుకని పాస్‌పోర్టు తిరిగి తీసుకోవడమే మొదటి పని. ఓడలో చేసిన ఖర్చుల ఖాతా ముగించి రసీదు తీసుకోవడం రెండో పని.

కంపెనీ కాదనే సందర్భాలూ ఉన్నాయి. ఉదాహరణకు అమెరికాలో 1886 నాటి ప్రయాణికుల నౌకల చట్టం ప్రకారం, విదేశీ జెండా గల ఓడ ఒక అమెరికా రేవులో ఎక్కించుకున్నవారిని మరో అమెరికా రేవులో దించి యాత్ర ముగింపజేయకూడదు. ఉల్లంఘిస్తే ఓడపై పడే జరిమానాను కంపెనీలు ప్రయాణికుడి దగ్గర వసూలు చేస్తాయి. గ్రీసులో ఈ అమెరికా చట్టం వర్తించదు. అయినా అనుమతి అడగడం అవసరం.

3.2 సరిహద్దు లెక్క

గ్రీసు 2000 సంవత్సరం నుంచి షెంగెన్ నిబంధనలను అమలుచేస్తోంది. భారతీయులకు వీసా తప్పనిసరి. 180 రోజుల్లో గరిష్ఠంగా 90 రోజులు ఉండవచ్చు, అయితే వీసా మీద రాసిన రోజులకు మించకూడదు. ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన చిక్కు ఒకటుంది. గ్రీకు దీవుల క్రూయిజ్‌లు చాలావరకు గ్రీసులోనే ఉండవు. ఏజియన్ సముద్రం దాటి తుర్కియేలోని కుషాదాసి రేవుకూ వెళతాయి. తుర్కియే షెంగెన్‌లో లేదు. అంటే ఓడ కుషాదాసికి వెళ్లినప్పుడు ప్రయాణికుడు షెంగెన్ ప్రాంతం విడిచినట్టు, తిరిగి గ్రీకు దీవికి వచ్చినప్పుడు రెండోసారి ప్రవేశించినట్టు. ఇటువంటి యాత్రకు ఒక్క ప్రవేశానికే పనికివచ్చే వీసా చాలదు. రెండు లేదా అంతకన్నా ఎక్కువ ప్రవేశాల వీసా కావాలి.

షెంగెన్ వెలుపలి రేవు నుంచి వచ్చిన క్రూయిజ్ నౌక విషయంలో, ప్రమాదమేమీ లేదని అంచనా వేసినప్పుడు అధికారులు ప్రతి ప్రయాణికుడినీ విడిగా తనిఖీ చేయకపోవచ్చు. సాయంత్రం ఓడకు తిరిగి వచ్చేవారికి దీనితో నష్టం లేదు. అక్కడే దిగిపోయేవాడికి మాత్రం తన ప్రవేశం నమోదు కాకుండా మిగిలిపోయే అవకాశం ఉంది. తరువాత ఏథెన్స్ విమానాశ్రయంలో ‘మీరు ఎప్పుడు, ఎక్కడ వచ్చారు?’ అని అడిగితే చూపడానికి ఆధారం ఉండదు. కాబట్టి రేవు వదలకముందే ప్రవేశం నమోదైందో లేదో అడిగి తెలుసుకోవాలి. 2025 అక్టోబర్ 12 నుంచి షెంగెన్ దేశాలు పాస్‌పోర్టు ముద్ర స్థానంలో వేలిముద్రలు, ముఖచిత్రంతో కూడిన ఎంట్రీ ఎగ్జిట్ సిస్టమ్‌ను దశలవారీగా ప్రవేశపెట్టాయి. ముద్ర కనబడకపోయినా నమోదు ఉందని నిర్ధారించుకోవడం ఇప్పుడు మరింత ముఖ్యం.

3.3 సామాను లెక్క

యాత్ర చివరి రాత్రి పెట్టెలకు రంగు చీటీలు కట్టి గది బయట పెడితే సిబ్బందే రేవులో దింపుతారు. మధ్యలో దిగేవారికి సాధారణంగా ఈ ఏర్పాటు ఉండదు. తన సామాను తానే మోసుకు దిగాలి. సిబ్బంది సాయం కావాలంటే ముందురోజే అడగాలి.

ఓడ తుర్కియే నుంచి వచ్చినదైతే సామాను ఐరోపా సమాఖ్య వెలుపలి నుంచి వచ్చినట్టే. సముద్రమార్గాన వచ్చే ప్రయాణికుడు సుంకం లేకుండా తెచ్చుకోగల సరకుల విలువ 430 యూరోలు. 10,000 యూరోలు లేదా అంతకు మించిన నగదు ఉంటే ప్రకటించాలి. మాంసం, పాల ఉత్పత్తులు వెలుపలి దేశాల నుంచి వ్యక్తిగత సామానులో తేకూడదు. మన ఇళ్లలో కట్టి ఇచ్చే మటన్ పచ్చడి ఈ నిషేధంలోకి వస్తుంది.

4. రేవు స్వరూపం

అన్ని దీవులూ సామానుతో దిగడానికి ఒకేలా అనుకూలం కావు.

శాంటోరిని: ఫోటోలలో అందరినీ ఆకర్షించే ఈ దీవే పెట్టెలతో దిగేవారికి అన్నిటికన్నా కష్టం. ఇది అగ్నిపర్వతం కూలి ఏర్పడిన లోతైన సముద్రపు గిన్నె అంచున ఉంది. పెద్ద ఓడలు ఒడ్డును ఆనుకోలేవు. దూరంగా నిలిచి, టెండర్ అనే చిన్న పడవల్లో ప్రయాణికులను పాత రేవుకు పంపుతాయి. అక్కడి నుంచి కొండమీది ఫిరా పట్టణానికి కేబుల్ కారు, గాడిదలు, లేదా దాదాపు 600 మెట్లు. పాత రేవుకు వాహనాల దారి లేదు. ఫెర్రీలు ఆగే అథినియోస్ రేవు వేరు, దానికి రోడ్డు ఉంది. ఓడ బృందయాత్రల పడవలు కొన్నిసార్లు అక్కడ దించుతాయి. దిగేవారు ఆ పడవలో చోటు అడగడం తెలివైన పని.

రోడ్స్: ఓడ నేరుగా పాత నగరపు గోడల దగ్గరి రేవుకు ఆనుకుంటుంది. పెట్టెను చక్రాల మీద లాక్కుపోవచ్చు. విమానాశ్రయం సుమారు 14 కిలోమీటర్లు.

హెరాక్లియన్: క్రీట్ దీవి ముఖ్య నగరం. ఓడ రేవుకు ఆనుకుంటుంది, విమానాశ్రయం సుమారు 5 కిలోమీటర్లే. పిరియస్‌కు రాత్రి ఫెర్రీలు కూడా ఉన్నాయి.

5. ఒక ఊహాత్మక ఉదాహరణ

ఇబ్రహీంపట్నానికి చెందిన దంపతులు ఐదు రోజుల క్రూయిజ్‌లో ఉన్నారనుకుందాం. మొదటి రోజు పిరియస్, మికోనోస్. రెండో రోజు కుషాదాసి, పాత్మోస్. మూడో రోజు రోడ్స్. నాలుగో రోజు ఉదయం హెరాక్లియన్, సాయంత్రం శాంటోరిని. ఐదో రోజు తెల్లవారి పిరియస్. రెండో రోజు రాత్రి ఫోన్ వచ్చింది: ‘అమ్మను ఆసుపత్రిలో చేర్చాం, అన్నయ్యా, తొందరగా రండి.’

వారి ముందు నాలుగు దారులున్నాయి. రోడ్స్‌లో దిగితే ఏథెన్స్‌కు విమానంలో సుమారు గంట. అక్కడి నుంచి గల్ఫ్ నగరం మీదుగా నాలుగో రోజుకల్లా శంషాబాద్ చేరే వీలుంది. హెరాక్లియన్‌లో దిగితే ఒక రోజు ఆలస్యం, కాని అనుమతికీ టికెట్లకూ సమయం చిక్కుతుంది. శాంటోరినిలో సాయంత్రం దిగడం వల్ల లాభం లేదు. టెండర్ పడవ, కొండ, రాత్రి బస అన్నీ దాటేసరికి ఓడే పిరియస్ చేరుతుంది. పిరియస్ దాకా ఉండిపోవడం నాలుగో దారి. రోడ్స్ నుంచి ఆరోజు విమానంలో సీటు దొరకకపోతే అదీ ఆలోచించదగినదే.

ఫోన్ రాగానే ఆ రాత్రే రిసెప్షన్‌కు వెళ్లి దరఖాస్తు ఇచ్చి, పాస్‌పోర్టులు అడిగి, పాత్మోస్‌లో తమ ప్రవేశం నమోదైందో లేదో తెలుసుకుంటే రోడ్స్ సాధ్యమవుతుంది. ఉదయం దాకా ఆగితే హెరాక్లియనే దిక్కు. ఇక్కడ ఒక రాత్రి జాప్యం ఒక రోజును మింగుతుంది.

6. ఖర్చు, బీమా, అనారోగ్యం

వాడుకోని రోజులకు ఓడ కంపెనీలు సాధారణంగా డబ్బు తిరిగి ఇవ్వవు. షెంగెన్ వీసా కోసం తీసుకునే బీమా కనీసం 30,000 యూరోల వరకు వైద్యాన్నీ, స్వదేశానికి తరలింపునూ భరించాలి. ఇంటి దగ్గర ఆపద వల్ల యాత్ర ఆపుకుంటే వచ్చే నష్టం అందులో ఉండాలన్న నియమం లేదు. ఆ నిబంధన పాలసీలో ఉందో లేదో కొనేటప్పుడే చూడాలి. ఆసుపత్రి పత్రాలు, ఓడ ఇచ్చిన లేఖ, కొత్త టికెట్ల రసీదులు భద్రపరచాలి.

ప్రయాణికుడికే జబ్బు చేస్తే నిర్ణయం ఓడ వైద్యుడిది. రేవులోని ఏజెంటు అంబులెన్సు, ఆసుపత్రి, అధికారుల పనులు చూస్తాడు. అప్పుడు రోగి వెంట పాస్‌పోర్టు, మందులు, వైద్యపత్రాలు ఒకే చేతిసంచిలో ఉండాలి. ఐరోపా అంతటా అత్యవసర సంఖ్య 112. పాస్‌పోర్టు పోయినా, మరే ఆపద వచ్చినా ఏథెన్స్‌లోని భారత రాయబార కార్యాలయాన్ని సంప్రదించవచ్చు.

7. సారాంశం

మధ్యలో ఓడ దిగడం ప్రయాణికుడి ఇష్టంతోనే పూర్తయ్యే పని కాదు. ఓడ జాబితా, సరిహద్దు నమోదు, సామాను తనిఖీ అనే మూడు లెక్కలు ముగిశాకే అది పూర్తవుతుంది. తుర్కియే వంటి షెంగెన్ వెలుపలి రేవు యాత్రలో ఉంటే వీసాలో ప్రవేశాల సంఖ్య కీలకం. అందమైన రేవు, అనుకూలమైన రేవు ఒకటి కానక్కరలేదు. అనుమతి ఎంత ముందుగా అడిగితే అన్ని ఎక్కువ రేవులు ఎంపికకు మిగులుతాయి.

ముఖ్య పదాలు

టెండర్: ఒడ్డుకు ఆనుకోలేని ఓడ నుంచి ప్రయాణికులను చేరవేసే చిన్న పడవ.
రేవు ఏజెంటు: రేవులో ఓడ కంపెనీ తరఫున పనులు చూసే స్థానిక ప్రతినిధి.
షెంగెన్ ప్రాంతం: తమ మధ్య సరిహద్దు తనిఖీలను తొలగించుకున్న ఐరోపా దేశాల సముదాయం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కుషాదాసికి వెళ్లే క్రూయిజ్‌కు ఒక్క ప్రవేశపు వీసా ఎందుకు చాలదు?
2. మధ్యలో దిగే ప్రయాణికుడు రిసెప్షన్‌లో చేయవలసిన మొదటి రెండు పనులు ఏవి?

నమూనా పరీక్షా ప్రశ్నలు

1. రేవులో తాత్కాలికంగా దిగడానికీ, యాత్ర ముగించడానికీ గల తేడాలను వివరించండి.
2. సామానుతో దిగే ప్రయాణికుడి దృష్టితో శాంటోరిని, రోడ్స్, హెరాక్లియన్ రేవులను పోల్చండి.
3. ఐదో భాగంలోని దంపతులకు ఫోన్ మూడో రోజు సాయంత్రం వచ్చి ఉంటే మీరు ఏ సలహా ఇస్తారు? కారణాలతో రాయండి.