కమాను కట్టల అలసట పరీక్ష

కమాను కట్ట అనగా లారీలు, బస్సుల బరువును ఇరుసులపై మోసే ఉక్కు పట్టీల కట్ట. విరిగేంత బరువు ఒక్కసారి కూడా పడకపోయినా, చిన్న ఊపులు లక్షల సార్లు తగలడం వలన పట్టీలో పగులు పుట్టి, పెరిగి, చివరకు పట్టీ విరుగుతుంది. దీనిని లోహపు అలసట అంటారు. పట్టీ ఎంతకాలం మన్నుతుందో ముందుగా తెలుసుకొనుటకు చేసేదే అలసట పరీక్ష.

సరళీకరణ

తుళ్లూరు పరిసర గ్రామాల నుండి గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు తీసుకెళ్లే లారీ కమాను ప్రతి గుంతకూ ఒక్కో తీరున వంగుతుంది. ఆ ఊపులన్నిటినీ ప్రయోగశాలలో యథాతథంగా కల్పించుటకు చాలా కాలం, ఖర్చు అవుతాయి. అందువలన రోడ్డుపై నమోదు చేసిన ఊపులను, 1968లో జపానుకు చెందిన మత్సుయిషి, ఎండో ప్రతిపాదించిన వానధార పద్ధతిలో పరిమాణాల వారీగా లెక్కిస్తారు. పామ్‌గ్రెన్ (1924), మైనర్ (1945) సూత్రం ప్రకారం ఒక్కో ఊపు కలిగించే నష్టాన్ని కూడి, మొత్తం అంతే నష్టం కలిగించే ఒకే పరిమాణపు ఊపులుగా మారుస్తారు. ఉదాహరణకు, నష్టం ప్రతిబలపు 5వ ఘాతాన్ని అనుసరిస్తే, రెట్టింపు ప్రతిబలం గల ఒక్క ఊపు 32 చిన్న ఊపులకు సమానం.

పరిమితులు

ఈ సూత్రం ఊపుల వరుసక్రమాన్ని పరిగణించదు. పరీక్షను త్వరగా ముగించుటకు ప్రతిబలాన్ని మరీ పెంచితే పట్టీ శాశ్వతంగా వంగి, ఫలితం నమ్మదగినది కాకుండా పోతుంది. నష్టం కలిగించే ఊపులను సైతం తొలగిస్తే, పరీక్షలో నెగ్గిన పట్టీయే రోడ్డుపై విరిగే ప్రమాదం ఉంది.